ఆ పార బొమ్మ ఎందుకు వేశారండీ?

ఎడిటర్ గారికి నమస్తే,

మొన్న ఆదివారం అనుబంధంలో లెటర్‌బాక్సింగ్ గురించి, అంటే క్లూలు పట్టుకుని దాచిన డబ్బాలు వెతికే ఆట గురించి, వేసినందుకు థాంక్స్. కానీ వ్యాసం పక్కనే పార పట్టుకుని గొయ్యి తవ్వుతున్న మనిషి బొమ్మ, దాని కింద 'దొరికితే మీదే' అని ఒక ముక్క! రెండూ తప్పే. ఈ ఆటలో తవ్వేదేమీ ఉండదు, దొరికింది ఇంటికి తెచ్చుకోవడం అసలే ఉండదు.

నిధి అనగానే పలుగూ పారా గుర్తుకొస్తాయి, ఒప్పుకుంటాను. ఇక్కడ నిధి అంటే నీళ్లు చొరని చిన్న డబ్బా, అందులో ఒక రబ్బరు స్టాంపు, ఒక నోట్‌బుక్, అంతే. క్లూ చదువుకుంటూ, దిక్సూచి చూసుకుంటూ, అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్లి (ఎవరి అడుగులు, పొడుగువాళ్లవా పొట్టివాళ్లవా అని ప్రతిసారీ గొడవే) ఏ రాయి చాటునో దాన్ని పట్టుకుంటాం. డబ్బాలోని స్టాంపు మన పుస్తకంలో, మన స్టాంపు ఆ పుస్తకంలో వేసి, తారీకు రాసి, ఎక్కడిది అక్కడ దాచి వచ్చేస్తాం.

ఇది పుట్టింది ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్‌లో. 1854లో జేమ్స్ పెరట్ అనే గైడు క్రాన్‌మియర్ పూల్ అనే బురద నేల దగ్గర ఒక సీసా పెట్టాడు, అంత దూరం నడిచి వచ్చినవాళ్లు తమ విజిటింగ్ కార్డు అందులో వేసి వెళ్లేవారు. పోనుపోను అడ్రసు రాసిన పోస్టుకార్డులు వదిలి రావడం మొదలైంది, తర్వాత వచ్చినవాళ్లు వాటిని తీసుకెళ్లి పోస్టు చేసేవారు. ముక్కూ మొహం తెలియనివాళ్ల కార్డుని ఆ బురదలో పడి మోసుకెళ్లేవాళ్లన్నమాట! నాకు ఈ ఆట నచ్చిందే అందుకు. పెట్టె పెట్టడానికి సిమెంటు వాడకూడదు, పాత రాతి కట్టడాల్లో, శిథిలాల్లో దాచకూడదు అని అక్కడివాళ్లు నియమం కూడా పెట్టుకున్నారు. ఇక పారకి పనెక్కడిది?

జీపీఎస్ చూసుకుంటూ దాచిన డబ్బాలు వెతికే జియోక్యాషింగ్, ఇదీ ఒకటే అన్నట్టు కూడా రాశారు. జీపీఎస్ సిగ్నల్‌ని కావాలని తప్పుగా చూపించడం అమెరికా మానేసిన మర్నాడు, 2000 మే 3న, అక్కడి ఆరెగన్ రాష్ట్రంలో మొదలైంది ఆ ఆట. దాంట్లో సొంత స్టాంపు చెక్కే పని లేదు.

నేనైతే పెన్సిల్ రబ్బరు మీద బ్లేడుతో గుడ్లగూబని చెక్కి, కింద నా పేరులో మొదటి అక్షరం పెట్టి, తెగ మురిసిపోయి కాగితం మీద వేస్తే అక్షరం తిరగబడి పడింది. అద్దంలో కనపడేట్టు చెక్కాలని అప్పుడు తెలిసింది. ఇంకోటి, స్టాంపుని ప్యాడ్ మీద గట్టిగా అదిమితే ఇంకు గాడుల్లోకి దిగి బొమ్మ అలికినట్టు వస్తుంది. స్టాంపుని తిరగేసి పట్టుకుని, ప్యాడ్‌తోనే దాని మీద మెల్లగా తట్టాలి.

ఒకసారి ఎవరో మూత సరిగ్గా పెట్టకుండా వదిలేసిన డబ్బా దొరికింది. వాన నీళ్లకి పుస్తకం ఉబ్బిపోయి, ముద్రలన్నీ నీలం మరకలైపోయాయి. మూత పెట్టకపోతేనే ఇలా ఉంటే, 'దొరికితే మీదే' అని చదివినవాళ్లు డబ్బాకి డబ్బానే ఎత్తుకొస్తే ఏం చేయాలి చెప్పండి?

వచ్చే ఆదివారం చిన్న సవరణ వేయండి. బొమ్మ కావాలంటే నా గుడ్లగూబ ముద్ర పంపిస్తాను, అక్షరం మాత్రం ఇంకా తిరగబడే ఉంది.

మీ పాఠకురాలు