పీఎం 2.5 లక్ష్యం ప్రకటించే ముందు ఆ లెక్కలు జనం ముందు పెట్టండి

కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేరుగా విషయానికి వస్తాను. పీఎం 2.5 అనే సూక్ష్మ ధూళి కణాలకు మన దేశంలో ప్రమాణం 2009 నవంబరులో నోటిఫై చేశారు. ఏడాది సగటు ఘనపు మీటరు గాలికి 40 మైక్రోగ్రాములు, 24 గంటల సగటు 60. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఏడాది సగటు 5 మించకూడదని చెప్పింది. 40 నుంచి 5 వైపు మనం ఎంత దూరం వెళ్లగలం, ఎన్నేళ్లలో వెళ్లగలం, అందుకు ఏమేం మానుకోవాలి? దీన్ని సామాన్యుడికి అర్థమయ్యేలా లెక్కగట్టి చెప్పినవాళ్లు లేరు. నేను అడిగేది ఆ లెక్కే.

2019 జనవరిలో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలైనప్పుడు, 2017తో పోల్చి 2024కల్లా ధూళి కణాలు 20 నుంచి 30 శాతం తగ్గిస్తామన్నారు. అది తాత్కాలిక లక్ష్యమని ఆ డాక్యుమెంట్‌లోనే ఉంది. తర్వాత దాన్ని 2025-26కల్లా 40 శాతం చేశారు, కానీ నగరాలకు మార్కులు వేసేది పీఎం 10, అంటే కాస్త పెద్ద ధూళి కణాలను కూడా కలిపిన లెక్క చూసే. పీఎం 10లో రోడ్డు దుమ్ము బాగా ఉంటుంది కాబట్టి నిధుల్లో పెద్ద వాటా ఊడ్చే యంత్రాలకీ నీళ్లు చల్లే ట్యాంకర్లకీ పోయింది. ఊపిరితిత్తుల లోతుకి వెళ్లి, అక్కడి నుంచి రక్తంలోకి చేరేది అంతకన్నా సన్నటి పీఎం 2.5 కణం, అది ఎక్కువగా ఏదో ఒకటి మండినప్పుడు పుడుతుంది. రోడ్డు మీద ఎన్ని నీళ్లు చల్లినా దానికేం కాదు.

ఒక్క కణం సంగతి చూడండి. బొగ్గు విద్యుత్ కేంద్రం చిమ్నీ నుంచి సల్ఫర్ డయాక్సైడ్ వాయువుగా బయటికొస్తుంది. గాలితోపాటు వందల కిలోమీటర్లు పోతూ దారిలో మెల్లగా సల్ఫేట్‌గా మారుతుంది, యూరియా చల్లిన పొలాల నుంచీ పశువుల పేడ నుంచీ లేచిన అమ్మోనియాతో కలిసి అమ్మోనియం సల్ఫేట్ కణమై ఇంకో రాష్ట్రంలో ఎవరో పీల్చే గాలిలోకి దిగుతుంది. ఇందులో ఆ ఊరి మున్సిపల్ కమిషనర్ చేయగలిగింది ఏమీ లేదు. అందుకే ఈ లక్ష్యాన్ని నగరాలవారీగా కాదు, దేశం మొత్తానికీ లెక్కగట్టాలి. సినారియో మోడలింగ్ చేసేది ఇదే. ఏ రంగం నుంచి ఎంత పొగ వస్తోందో జాబితా కట్టి, రేపు ఇలా చేస్తే ఎంత, అలా చేస్తే ఎంత, ఏమీ చేయకపోతే ఎంత అని గాలినీ వాననీ రసాయన చర్యలనీ కలిపి లెక్క వేస్తుంది.

ఈ పని మనకు చేతకానిది కాదు. ఐఐటీ బాంబే పరిశోధకులు పాల్గొన్న అధ్యయనం 2018లోనే 2050 దాకా మూడు దారులు వేసి చూపించింది. పీఎం 2.5 వల్ల 2015లో పోయిన ప్రాణాల్లో దాదాపు నాలుగో వంతుకి ఇళ్లలో కట్టెలు, పిడకలు కాల్చడమే కారణమని అందులో తేలింది.

అసలు గొడవంతా బేస్‌లైన్‌లో ఉంటుంది సార్. అంటే ‘ఇప్పటికే తీసుకున్న నిర్ణయాలు అమలైతే చాలు’ అనుకుని గీసే మొదటి గీత. థర్మల్ కేంద్రాలకు 2015 డిసెంబరులో సల్ఫర్ డయాక్సైడ్ పరిమితి పెట్టి రెండేళ్లు గడువిచ్చారు. ఆ గడువు పదే పదే వెనక్కి జరిగింది. చివరికి 2025 జులైలో ఎక్కువ శాతం యూనిట్లకు ఆ వాయువును పట్టే ఎఫ్‌జీడీ యంత్రాలే అక్కర్లేదన్నారు. 2016లో ఎవరైనా సినారియో వేసి ఉంటే, రెండేళ్లలో ఆ యంత్రాలన్నీ వచ్చేస్తాయని రాసుకునేవారు, గీత కాగితం మీద చక్కగా కిందికి దిగేది. అక్కర్లేదనడానికి మీ శాఖకు కారణాలు ఉన్నాయి, సరే. ఆ యంత్రాలు ఉంటే గాలిలో పీఎం 2.5 ఎంత, లేకపోతే ఎంత, రెండూ పక్కపక్కన చూపించండి.

ఉజ్వల వంటగ్యాస్ పథకం విషయమూ అంతే. 2016 నుంచి కోట్ల కనెక్షన్లు ఇచ్చారు, మంచి పని, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కానీ మోడల్‌లో కనెక్షన్ ఉన్న ప్రతి ఇల్లూ గ్యాస్ మీదే వండుతోందని రాసుకుంటే అది అబద్ధపు గీత అవుతుంది. సిలిండర్ ఒక మూల ఉంటుంది, డబ్బులు చాలని నెలలో కట్టెల పొయ్యే వెలుగుతుంది. లెక్కలోకి రావాల్సింది కనెక్షన్లు కాదు, ఏడాదికి ఎన్ని రీఫిల్స్ తీసుకున్నారన్నది.

బ్రిటన్ అనుభవం చూడండి. అక్కడ ఇంపీరియల్ కాలేజీ లండన్ చేసిన మోడలింగ్ ఆధారంగా వేర్వేరు సినారియోలు జనం ముందు పెట్టి, అభిప్రాయాలు తీసుకుని, 2023లో ఇంగ్లండ్ వరకు రెండు లక్ష్యాలకు చట్టబద్ధత ఇచ్చారు. ఒకటి, 2040కల్లా ఏ చోటా ఏడాది సగటు 10 మించకూడదు. రెండు, జనం సగటున పీల్చే పీఎం 2.5 అప్పటికి 2018 కన్నా 35 శాతం తగ్గాలి. అదే కాలేజీ వాళ్లు ఇంకో అధ్యయనంలో, గట్టిగా పూనుకుంటే 2030కే బ్రిటన్‌లో చాలా భాగం 10కి చేరొచ్చని చూపించారు. అంటే మోడల్ ఇచ్చే సంఖ్య, మనం ఏ చర్యల్ని సాధ్యమని ఒప్పుకున్నామన్న దాని మీద ఆధారపడుతుంది. ఆ ఒప్పుకోవడం మూసిన గదిలో జరిగితే, తర్వాత ‘మోడలే అలా చెప్పింది’ అనడానికి ఎవరికీ అడ్డు ఉండదు. నా టెన్షన్ అదే.

మనకూ ఆ రెండో తరహా లక్ష్యం చాలా అవసరం. గాలిని కొలిచే స్టేషన్లు ఎక్కువగా నగరాల్లోనే ఉన్నాయి, ఊళ్లలో కట్టెల పొయ్యి ముందు కూర్చునేవాళ్లు ఆ లెక్కల్లోకి రావడం లేదు. జనాభాను బట్టి తూకం వేసిన సగటు పెడితే, ఎవరు ఎక్కడ ఉన్నా వాళ్ల ఊపిరీ లెక్కలోకి వస్తుంది. ఇంకో చిన్న మాట, పోల్చే సంవత్సరం ఒక్కటే పెట్టుకోకండి. వానలు బాగా పడిన ఏడాదో 2020లాంటి లాక్‌డౌన్ ఏడాదో వస్తే, ఏ చర్యా లేకుండానే గాలి శుభ్రపడినట్టు కనిపిస్తుంది. మూడేళ్ల సగటు తీసుకోండి.

కాబట్టి తర్వాతి లక్ష్యం పీఎం 2.5 మీదే పెట్టండి, పెట్టే ముందు కనీసం మూడు సినారియోలు ప్రచురించండి. ఒక్కోదానికి ఎంత ఖర్చు, ఎవరి నెత్తిన పడుతుంది, ఎన్ని ప్రాణాలు నిలుస్తాయి, ఏ రాష్ట్రంలో గాలి ఎంత మారుతుంది అన్నీ అందులో ఉండాలి. మోడల్‌లో వాడిన ఉద్గారాల జాబితాలు ఏ యూనివర్సిటీ విద్యార్థి అయినా డౌన్‌లోడ్ చేసుకుని మళ్లీ లెక్క వేసి చూసుకునేలా ఇవ్వండి. అభిప్రాయాలు చెప్పడానికి మూడు నెలలైనా టైమ్ ఇవ్వండి. వాటిలో ఏ దారి ఎంచుకున్నారో, మిగతావి ఎందుకు వద్దనుకున్నారో ఒక్క పేజీలో రాసి, తెలుగుతో సహా అన్ని భాషల్లోనూ పెట్టండి.

ఇట్లు,
ఈ గాలే పీలుస్తున్న ఒక పౌరుడు