కాటా ఎక్కాకే కూరగాయలు పంచుదాం

తల్లిదండ్రులకు నమస్కారం.

బడి పక్కనున్న సామూహిక తోటలో ఈ పంటకాలం నుంచి కోసిన ప్రతిదాన్నీ తూచి రాయబోతున్నాం. "ఈసారి బాగా కాసింది" అనుకుంటే సంతోషమే. కానీ వచ్చే ఏడు ఏ మడిలో ఏం వేయాలో ఆ మాటతో తేలదు. తోటకు నీళ్లు కావాలన్నా, స్థలం గడువు పొడిగించాలన్నా అవతలివాళ్లు అడిగేది లెక్కే. ఇది నిపుణులు వచ్చి చేయాల్సిన పనేమీ కాదు. 2010లో న్యూయార్క్ సామూహిక తోటల్లో 'ఫార్మింగ్ కాంక్రీట్' ప్రాజెక్టు కింద పండించినవాళ్లే తమ కోతలను తూచి రాసుకున్నారు. ఇక్కడ పిల్లలు తూస్తారు. పక్కన పెద్దవారు నిలబడి, కాటాలో కనిపించిన అంకే పుస్తకంలో పడిందా లేదా చూడాలి. మీ సాయం అందుకే కావాలి.

కాటాలు రెండు ఉంటాయి. ఒకటి 5 కిలోల వరకు తూగే, గ్రాముల్లో చూపే వంటింటి డిజిటల్ కాటా. రెండోది గుమ్మడి, సొరలాంటి బరువైన కాయలకు కొక్కెం కాటా. ఆకులను కొక్కెం కాటాకు తగిలించకండి. 50 గ్రాములకో గీత ఉన్న కాటాలో 8 గ్రాముల పుదీనా సున్నాగానే కనిపిస్తుంది. ఆ సున్నా పుస్తకంలోకి ఎక్కిందంటే పుదీనా మడి పండనట్టే లెక్క.

తప్పులు ఎక్కువగా బుట్ట దగ్గరే జరుగుతాయి. ముందు ఖాళీ బుట్ట పెట్టి, కాటాను సున్నా చేసి, ఆ తర్వాతే కాయలు వేయాలి. డిజిటల్ కాటాలు కాసేపు ముట్టుకోకపోతే వాటంతటవే ఆగిపోతాయి. నిండు బుట్ట పైన ఉండగానే మళ్లీ ఆన్ చేస్తే కాయల బరువు కూడా సున్నాలో కలిసిపోతుంది. అందుకే ప్రతి బుట్ట అంచున దాని ఖాళీ బరువును మార్కరుతో రాసి ఉంచుతాం. అనుమానం వస్తే బుట్ట దించి, కాటా ఆపి, ఖాళీగా ఆన్ చేసి, మొత్తం తూచి, బుట్ట బరువు తీసేస్తే సరి. వారానికోసారి కాటానూ పరీక్షించాలి. ఖాళీ సీసా పెట్టి సున్నా చేసి, అందులో కొలిచిన లీటరు నీళ్లు పోస్తే సుమారు 1,000 గ్రాములు చూపాలి. 20, 30 గ్రాములకు మించి తేడా వస్తే ముందు బల్ల సమంగా ఉందో లేదో చూడండి, తర్వాత బ్యాటరీ మార్చండి.

ఆకుకూరలను కడగకముందే తూచాలి. కడిగిన ఆకు మధ్య చేరిన నీళ్లు కూడా పంట బరువులో కలిసిపోతాయి. అలాగని కోసి ఎండలో వదిలేస్తే వాడిపోయి బరువు తగ్గుతుంది. క్యారెట్, ముల్లంగి అయితే మట్టి దులిపి, ఆకు తుంచి తూయండి. ఆకు కూడా వండుకునేదైతే దాన్ని వేరే వరుసలో రాయాలి. బీన్స్‌ తొడిమ తీసి తూయాలా, ఉంచి తూయాలా అని చర్చ పెట్టుకోనక్కర్లేదు. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా అలాగే చేస్తే చాలు.

పుస్తకంలో ఐదు గడులు: తేదీ, మడి నంబరు, పంట, బరువు, తూచినవారి పొడి అక్షరాలు. బరువు గ్రాముల్లోనే రాయాలి, చుక్కలు వద్దు. పిల్లలు 1.025 కిలోలను 1.25 అని రాస్తే ఒక్క వరుసలోనే 225 గ్రాములు పెరిగిపోతాయి. మడి చూసి, కోయడానికేమీ లేకపోతే 0 వేయండి. ఆ రోజు ఎవరూ తూచకపోతే గీత పెట్టండి. ఈ రెండూ ఒకటి కావు. సున్నా అంటే పంట లేదని, గీత అంటే మనకు తెలియదని. పురుగు తిన్నవి, కుళ్లినవి కూడా తూచి వేరుగా రాయాలి, మొత్తంలో కలపకూడదు.

లెక్క నిజంగా జారిపోయేది పంపకం దగ్గర. "రెండు వంకాయలే కదా" అని తూచకుండా చేతిలో పెట్టేసినవి వారాలు గడిచేసరికి కిలోలవుతాయి. మొక్క పక్కనే పిల్లల నోట్లోకి వెళ్లిపోయే చెర్రీ టమాటాలను మాత్రం వదిలేద్దాం, వాటికి లెక్క అడిగేవారెవరూ లేరు.

అన్ని మడులూ తూయడం కుదరకపోవచ్చు. అలాంటిచోట మొక్కలు లెక్కపెడతాం. ఉదాహరణకు, తూచిన మడిలో 6 టమాటా మొక్కలు పంటకాలమంతా కలిపి 13,200 గ్రాములు కాస్తే మొక్కకు 2,200. తూచని మడిలో 10 మొక్కలుంటే సుమారు 22 కిలోలు. దాని పక్కన 'అంచనా' అని రాసి తీరాలి. శ్రద్ధగా తూచేవారి మడులు సాధారణంగా శ్రద్ధగా పెంచినవే కావడంతో ఈ అంచనా కాస్త ఎక్కువ వైపే మొగ్గుతుంది. అందుకే ఏ మడులు తూయాలో చీటీలు తీసి నిర్ణయిస్తాం.

చదరపు మీటరుకు ఎంత పండిందో చెప్పేటప్పుడు దేనితో భాగించామో కూడా చెప్పాలి. 1.2 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల పొడవున్న మడి 2.88 చదరపు మీటర్లు. అందులో 14,400 గ్రాములు వస్తే చదరపు మీటరుకు 5 కిలోలు. నడిచే దారి కూడా కలిపి 4.8 చదరపు మీటర్లుగా తీసుకుంటే అదే పంట 3 కిలోలవుతుంది. మనం మడి లోపలి కొలతే వాడతాం, దారుల విస్తీర్ణం విడిగా రాస్తాం.

ఒక్కో కోతకు ఇద్దరు పెద్దవారు కావాలి, ఒకరు కాటా దగ్గర, ఒకరు పుస్తకం దగ్గర. రాగలిగినవారు వీలైన రోజులను పిల్లల డైరీలో రాసి పంపండి. మొదటిసారి వచ్చేవారు పావుగంట ముందుగా వస్తే కాటా వాడకం చూపిస్తాం. ఇంట్లో పనికిరాకుండా ఉన్న తేలికపాటి ప్లాస్టిక్ బుట్టలుంటే వెంట తీసుకురండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు