అమ్మమ్మా, ఆ బొంత ఉతకొద్దు

టోక్యో,
2025 మార్చి 2, ఆదివారం

అమ్మమ్మకు నమస్కరించి నీ మనవరాలు రాయునది. ఉభయకుశలోపరి.

ఈ ఉత్తరం అత్తయ్య చదివి వినిపిస్తుందని తెలుసు. అయినా నువ్వు కూడా కళ్ళజోడు పెట్టుకుని చూసుకుంటావని అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు "తిన్నావా, చలి ఎలా ఉంది" అని అడిగేలోపే పిల్లలు ఫోను లాక్కుంటారు. ఇది కుట్టుపని సంగతి అమ్మమ్మా, తీరిగ్గా చెప్పాలి. ఒక్క పూటలో వినలేకపోతే రెండు మధ్యాహ్నాలు విను.

నేను ఇక్కడ మళ్ళీ సూది పట్టుకుని రెండేళ్ళయింది. వచ్చిన మొదటి చలికాలం నాకు చాలా కష్టంగా గడిచింది. నేనుండే నిషి-కసాయ్‌లో మన దేశం వాళ్ళు చాలామందే ఉన్నారు, కందిపప్పు, చింతపండు అన్నీ దొరుకుతాయి. కానీ సాయంత్రం ఐదింటికే చీకటి పడితే గదిలో ఏం చెయ్యాలో తోచేది కాదు. ఒకరోజు బట్టల కొట్లో లావుపాటి తెల్ల దారం చిలపలు కనిపించాయి. పక్కనే నీలం బట్ట మీద ఆ దారంతో కుట్టిన నమూనా పెట్టారు. పేరు సషికో అన్నారు. చూడగానే నువ్వే గుర్తొచ్చావు. అందులో కాడకుట్టు లేదు, గొలుసుకుట్టు లేదు, ముడికుట్టు లేదు. సూది పైకీ కిందికీ దూరి వెళ్ళిపోవడమే. నువ్వు బొంత కుట్టే కుట్టే!

వీళ్ళ పద్ధతి ఎలా ఉంటుందో చెబుతాను. సూది పొడుగ్గా ఉంటుంది. నడివేలి మొదట్లో ఉంగరంలాంటి తొడుగు పెట్టుకుంటారు, దాని బిళ్ళ అరచేతి వైపు ఉంటుంది. సూది వెనక భాగం ఆ బిళ్ళకు ఆనించి, బట్టనే కుచ్చులు కుచ్చులుగా సూది మీదికి ఎక్కిస్తారు. నాలుగైదు కుట్లు ఎక్కాక ఒక్కసారి లాగి, ముడతలు లేకుండా వేళ్ళతో సాఫు చేస్తారు. అరుగు మీద బొంత పరిచి నువ్వు చేసేదీ ఇదే కదా! తొడుగు లేకుండా కుట్టి కుట్టి నీ బొటనవేలి చివర కాయ కాచిపోయింది. అలాంటి తొడుగు నీకొకటి కొన్నాను. ఈ వయసులో ఇదెందుకు అనకుండా పెట్టుకుని చూడు.

మొదట మంగళగిరి బట్ట ముక్క మీద జనపాకు నమూనా కుట్టాను. జనపాకు అంటే నేను పెట్టుకున్న పేరు. ఇక్కడ అసనొహా అంటారు, మన జనుములాంటి నార మొక్క ఆకు. ఆ మొక్క తొందరగా, నిటారుగా పెరుగుతుందట. బిడ్డ కూడా అలాగే పెరగాలని పసిపిల్లల బట్టల మీద ఈ నమూనా కుట్టేవారు. అది కుదిరాక చేతిసంచి కుట్టాను, తర్వాత పాత చున్నీలతో దిండు గలీబులు రెండు. ఇప్పుడు ఆఫీసు నుంచి వస్తూ రైల్లోనే ఏ దారం ఎక్కడ వాడాలో ఆలోచించుకుంటాను. ఇంటికి రావాలన్న తొందర ఉంటుంది. నాకు అదే పెద్ద సంగతి అమ్మమ్మా.

ఇక సూదుల పండగ. నువ్వు నమ్మవు గానీ ఇక్కడ సూదులకు ఒక రోజు ఉంది. పేరు హరి కుయో. టోక్యో వైపు ఫిబ్రవరి 8న చేస్తారు. ఈసారి శనివారం వచ్చింది కాబట్టి సెలవు పెట్టకుండానే అసకుసాలో సెన్సోజి గుడికి వెళ్ళాను. ఆ గుడి ఆవరణలో అవషిమా మందిరం అని చిన్నది ఉంది. దాని ముందు పెద్ద తోఫు దిమ్మ పెడతారు. తోఫు అంటే సోయా పాలను విరిచి చేసేది, మన పన్నీరు కంటే మెత్తగా ఉంటుంది. ఏడాది పొడుగునా వంగిపోయిన, విరిగిపోయిన సూదులు తెచ్చి అందులో గుచ్చి దణ్ణం పెట్టుకుంటారు. జీవితమంతా గట్టి బట్టల్లోంచి దూరి దూరి అలసిపోయిన సూదికి చివరికి మెత్తటి చోట విశ్రాంతి ఇవ్వాలట. చేతికి ఇంకా పనితనం ఇమ్మని కూడా అడుగుతారు. కిమోనో కట్టుకున్న ముసలమ్మల వెనక నేనూ నిలబడ్డాను.

దసరాకు మన వీధి చివర టైలరు మిషనుకు పసుపూ కుంకుమా పెట్టి దండ వేసేవాడు, గుర్తుందా? మనం పనిచేసే మిషనుకు మొక్కుతాం. వీళ్ళు పనికిరాకుండా పోయిన సూదికి కూడా మొక్కుతున్నారు. దీపాలు పెట్టాక సూది ఎవరికీ ఇవ్వకూడదని నువ్వు చెప్పేదానివి. ఎందుకని అడిగితే కసిరేదానివి. అంత చిన్న వస్తువుకు అంత పట్టింపు ఎందుకో ఆ రోజు వరసలో నిలబడి ఉండగా నాకు నేనుగా తెలిసినట్టు అనిపించింది.

నేను గుచ్చిన సూది ఏదో తెలుసా? నేను బయల్దేరిన రోజు నువ్వు కాగితం పొట్లంలో కట్టిచ్చిన ఐదు సూదుల్లో ఒకటి. జీన్స్ ప్యాంటుకు మాసిక వేస్తుంటే కన్ను దగ్గర విరిగింది. చెత్తబుట్టలో వెయ్యడానికి చేతులు రాక డబ్బాలో దాచాను. తోఫులో అది ఇట్టే దిగిపోయింది.

అసలు సంగతి ఇంకా మొదలే పెట్టలేదు. పోయిన వారం మూడు రోజులు సెలవులు కలిసొస్తే హిరోసాకి వెళ్ళొచ్చాను. అది ఉత్తరాన అఒమొరి ప్రాంతంలో ఉంది. ఇక్కడి నుంచి బుల్లెట్ రైల్లో మూడు గంటలకు పైగా ప్రయాణం, అక్కడ దిగి ఇంకో రైలు ఎక్కాలి. ఊరు చుట్టూ ఆపిల్ తోటలు. చెట్లన్నీ మంచులో మోకాళ్ళ దాకా కూరుకుపోయి ఉన్నాయి. అంత దూరం వెళ్ళింది కొగిన్ అనే కుట్టు కోసం.

ఆ నేల చలికి అక్కడ పత్తి పండదు. పైగా 1724లో ఆ సీమను ఏలే ప్రభువు రైతులు నూలు బట్ట కట్టకూడదని, నారబట్టే కట్టాలని ఆంక్ష పెట్టాడు. నారబట్టకు సందులెక్కువ, గాలి లోపలికి కొడుతుంది. అంత మంచులో దానితో ఎలా బతుకుతారు? అందుకని ఆడవాళ్ళు ఆ సందులన్నీ దారంతో కుట్టి నింపారు. తర్వాత నూలు దారం దొరికాక, నీలం నారబట్ట మీద తెల్లటి నూలు దారంతో వరస వరసా నింపేశారు. అదే కొగిన్. బట్ట రెండింతలు మందమైంది, వెచ్చదనం వచ్చింది, చిరిగిపోవడం తగ్గింది. పడమటి ఊళ్ళ వాళ్ళు వీపు మీద బరువులు మోసేవారు కాబట్టి తాడు ఒరుసుకునే భుజాల దగ్గర చారలు చారలుగా ఇంకా దగ్గరగా కుట్టుకున్నారు.

పేదరికంలోంచి ఎంత అందం పుట్టిందో అని దీన్ని చూసి చాలామంది మురిసిపోతారు. నాకు ఆ మాట నచ్చదు. ఆ ఆంక్ష అన్యాయం, అంతే. చలి ఆపడానికైతే ఎలాగోలా దారం నింపితే సరిపోయేది. ఇన్ని నమూనాలు వెయ్యమని ఎవరూ అడగలేదు. పగలంతా పొలం పని చేసి, రాత్రి ఆ చిన్న వెలుతురులో పోగులు లెక్కపెట్టి వేసిన ఆ పువ్వు అది కుట్టిన ఆవిడ సొంతం. ప్రభువు ఆంక్షకు ఆ పువ్వును జమ కట్టకూడదు.

అక్కడ ఒక పెద్దావిడ దగ్గర కూర్చుని రెండు గంటలు నేర్చుకున్నాను. ఇందులో బట్ట మీద గీత గీయరు. పోగులు లెక్కపెట్టి కుట్టడమే. ఒక పోగు మీదుగా, తర్వాత మూడు, ఐదు, ఏడు, మళ్ళీ ఐదు, మూడు, ఒకటి. ఎప్పుడూ బేసి లెక్కే. మూడో వరసకొచ్చేసరికి నా నోట్లోంచి తెలుగు బయటికొచ్చింది. "ఏడు చుక్కలు, ఐదు, మూడు, ఒకటి వచ్చేదాకా" అని! ఆవిడ చెయ్యి ఆపి నా మొహం చూసింది. కాగితం మీద చుక్కలు పెట్టి ముగ్గు వేసి చూపించాను. ఆవిడ తన నమూనా పక్కన పెట్టి వేలితో లెక్కపెట్టుకుంటూ చూసి, ఆ కాగితం మడిచి సూదుల డబ్బాలో పెట్టుకుంది. అదే ప్రాంతంలో తూర్పున హచినోహె వైపు సరి లెక్కతో కుట్టే ఇంకో రకం ఉందట. మన ముగ్గుల్లో సందు చుక్కలూ, ఎదురు చుక్కలూ అని రెండు రకాలు ఉన్నట్టే.

నమూనాల పేర్లు వింటే నీకు ముచ్చటేస్తుంది. పువ్వు, గింజ, పిల్లికన్ను, సీతాకోకచిలుక, ఆనపకాయ. ఇంట్లో, పెరట్లో కళ్ళకు కనపడేవే అన్నీ. మన ముగ్గుల పేర్లూ అంతే కదా. నేను గింజ నమూనా కుట్టాను. వచ్చాక పిల్లికన్ను మొదలుపెట్టి తొమ్మిది దగ్గర లెక్క తప్పాను. నాలుగు వరసలయ్యాక గానీ తెలియలేదు. నాలుగూ విప్పి మళ్ళీ కుట్టాను. మంగళగిరి బట్ట మీదా ప్రయత్నించాను గానీ ఆ పోగులు మరీ సన్నం, కంటికి ఆనలేదు.

1891లో రైలు అఒమొరి దాకా వచ్చింది. నూలు బట్టలు చవగ్గా దిగాయి, కొగిన్ కుట్టే అవసరం పోయింది. మంచి నూలు బట్ట దొరికాక రాత్రిళ్ళు ఎవరు కళ్ళు పోగొట్టుకుంటారు? పాతవి చాలావరకు చిరిగి పీలికలయ్యాయి. తనాకా చూజబురో అనే ఆయన ఆ ప్రాంతపు పల్లెలు తిరిగి అలాంటి పాతబట్టలు పోగుచేశాడు. వాటిలో 786 కుట్టుబట్టలను 1983లో ప్రభుత్వం జాతి ఆస్తిగా గుర్తించింది. ఆయన సేకరించిన వాటిలో బోదోకో అని ఒకటి ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళు కట్టి విడిచిన బట్టల ముక్కలన్నీ పొరలు పొరలుగా కలిపి కుట్టిన దుప్పటి అది. కాన్పు దాని మీదే జరిగేది. పుట్టే బిడ్డకు మొదట తగిలేది తాతల, అవ్వల బట్ట.

దాని ఫొటో చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. మన ఇంట్లో పొత్తిగుడ్డలు అవే కదా. నన్ను పడుకోబెట్టింది నీ పాత చీర మడత మీదే అని అమ్మ చెప్పింది.

ఇప్పుడొక మాట చెప్పాలి. ఇన్నాళ్ళూ చెప్పలేదు. నేను బయల్దేరే ముందు రోజు నువ్వు నా పెట్టెలో బొంత పెట్టావు. నేను తీసేశాను. 23 కిలోలే ఇస్తారు, పచ్చళ్ళకు చోటు చాలదు అన్నాను. అబద్ధం కాదు గానీ నిజమంతా అది కాదు. పరాయి దేశంలో ఎవరైనా ఆ అతుకుల బొంత చూస్తే ఏమనుకుంటారో అని సిగ్గుపడ్డాను. నువ్వు ఏమీ అనలేదు. మడతపెట్టి చెక్కపెట్టెలో దాచావు. నీకు అప్పుడే తెలిసిందేమో. నన్ను క్షమించు అమ్మమ్మా.

ఉగాదికి మామయ్య ఊరొస్తాడు కదా. ఆ బొంత ఆయన చేతికివ్వు. మేలో నా స్నేహితురాలు హైదరాబాదు నుంచి ఇక్కడికి వస్తోంది. ఆమె తీసుకొస్తానంది, బరువు గురించి మాట్లాడుకున్నాం. పంపేముందు అత్తయ్య చేత ఒక కాగితం రాయించు. ఏ ముక్క ఎవరిదో నాకు కావాలి. మధ్యలో నీలంగళ్ళది తాతయ్య లుంగీ అని గుర్తు. అంచుల్లో ఉన్నది నీ వెంకటగిరి చీరేనా? పసుపురంగు ముక్క అమ్మ ఓణీయా, పిన్నిదా? ఆ మాసిన గులాబీరంగు ముక్క ఎవరిదో నాకు అసలు తెలియదు. నీకు మాత్రమే తెలుసు.

ఉతకొద్దు. మెత్తబడిన బట్ట, నీళ్ళలో పడితే కుట్లు వదులవుతాయి. ఒక మూల పిగిలింది కదా, దాన్ని కూడా నువ్వు ముట్టుకోకు, నీ కళ్ళకు శ్రమ. అది నేను కుడతాను. ఏ రంగు దారం వెయ్యాలో మాత్రం చెప్పు.

నీ మనవరాలు