జపాన్ అక్షరాల కార్డులు తెలుగులో కావాలి

సంపాదకులకు నమస్కారం.

హన్మకొండ చౌరస్తాకు దగ్గర్లో నాకు జిరాక్స్ షాపు ఉంది. ఆధార్ కాపీలు, గ్రూప్స్ నోట్స్‌తో పాటు ఏడాదిగా ఒక కొత్త గిరాకీ వస్తున్నది. నర్సింగ్ చదివిన ఆడపిల్లలు జపాన్ అక్షరాల పీడీఎఫ్‌లు తెచ్చి, ఏ4 కాగితానికి ఎనిమిది కార్డులు వచ్చేట్టు, ముందు అక్షరం వెనక అర్థం ఉండేలా రెండు వైపులా ప్రింట్ తీయించి, కటింగ్ కూడా చేయించుకుని పోతున్నారు. జపాన్‌లో నర్సులకు, ముసలివాళ్లను చూసుకునేవాళ్లకు ఉద్యోగాలున్నాయని పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. దానికి ముందు దాటాల్సిన అక్షరాల సంగతి మాత్రం ఎవరూ రాయరు. జీఎన్‌ఎం నర్సింగ్ కోర్సు చేసిన మా బిడ్డ కూడా ఇప్పుడు అదే చదువులో ఉంది, అందుకే ఈ ఉత్తరం.

హిరగన, కతకన అని రెండు లిపులు, ఒక్కోదాంట్లో మూల అక్షరాలు 46. అవి నెలలో వచ్చేశాయి. అసలు తిప్పలు కంజితో, అంటే ఒక్కో అర్థానికి ఒక్కో బొమ్మలా ఉండే గుర్తులతో. జపాన్ ప్రభుత్వం నిత్య వాడుకకని పెట్టిన జాబితాలోనే 2136 ఉన్నాయి. జపనీస్ భాషా పరీక్షల్లో మొదటి మెట్టు ఎన్5కు వందదాకా, దాని పై మెట్టు ఎన్4కు మూడు వందలదాకా వచ్చి ఉండాలని పుస్తకాల్లో రాస్తారు. చెట్టు గుర్తును రెండుసార్లు పక్కపక్కన రాస్తే తోపు, మూడు రాస్తే అడవి. ఇంతవరకు సరదాగానే ఉంటుంది. కానీ ఆ చెట్టునే ఒంటరిగా ఉంటే 'కి' అనాలి, గురువారం అనే మాటలోకి వచ్చిందంటే 'మొకు' అనాలి.

మా బిడ్డ మూడు వందల కాగితం కార్డులకు రబ్బరు బ్యాండు వేసి నైట్ డ్యూటీకి తీసుకుపోయేది. వచ్చిన కార్డే మళ్లీ మళ్లీ వచ్చేది, రానిది కట్ట అడుగున ఉండిపోయేది. యాప్ అయితే మరిచిపోయిన కార్డును వెంటనే మళ్లీ చూపిస్తుంది, బాగా వచ్చినదాన్ని రోజులు, వారాలు ఆగి అడుగుతుంది. నా గిరాకీ పోయినా సరే, ఈ పనికి కాగితం పనికిరాదు.

మొదట ఏడు రోజులు ఫ్రీ అని ఉన్న ఒక యాప్ వేసుకున్నాం. ఎనిమిదో రోజు పొద్దున నా ఖాతాలోంచి ఆటోపేలో డబ్బులు కట్టయ్యాయి. దాని పేరు రాయను, చదవకుండా నొక్కింది మేమే. అంతకన్నా పెద్ద చిక్కు, అందులో ఉచ్చారణంతా ఇంగ్లిష్ అక్షరాల్లో ఉండేది. జపనీస్‌లో ఒబసన్ అంటే పిన్ని, ఒబాసన్ అంటే నాయనమ్మ. ఆ యాప్‌లో రెండూ ఒక్కలాగే కనిపించాయి. ముసలివాళ్లకు సేవ చేసే ఉద్యోగానికి పోతూ పిన్నికీ నాయనమ్మకూ తేడా తెలియకపోతే ఎట్లా?

తెలుగులో రాస్తే ఈ గొడవే లేదు. దీర్ఘం మనకు ఉంది. కితె అంటే 'వచ్చి', కిత్తె అంటే తపాలా బిళ్ల, అక్కడ ఒత్తు సరిపోతుంది. ఎ, ఏ, ఒ, ఓ తేడాలు వాళ్లకూ ఉన్నాయి, మనకూ ఉన్నాయి. వాళ్ల అక్షరాల పట్టిక అ, ఇ, ఉ, ఎ, ఒ అని మొదలై క, కి, కు, కె, కొ అని సాగుతుంది. బౌద్ధంతో ఇక్కడి నుంచి పోయిన వరుసేనట. మా బిడ్డ చదువుతుంటే గుణింతం వల్లిస్తున్నదేమో అనుకున్నా.

అందుకే మన కార్డు మనం తెలుగులో రాసుకోనిచ్చే 'అంకి' అనే యాప్‌కు మారాం. ఆ పేరుకు జపనీస్‌లో కంఠస్థం అని అర్థం. కంప్యూటర్‌లో ఫ్రీ, ఆండ్రాయిడ్‌లో అంకిడ్రాయిడ్ పేరుతో అదీ ఫ్రీ, ఐఫోన్‌కు మాత్రం ఒకసారి డబ్బు కట్టాలి. చూడ్డానికి మొరటుగా ఉంటుంది, చప్పట్లు, చుక్కలు ఏమీ రావు. ఎక్సెల్‌లో ఒక వరుసలో కంజి, పక్కన తెలుగు ఉచ్చారణ, దాని పక్కన అర్థం కొట్టి, సీఎస్‌వీ యూటీఎఫ్-8గా సేవ్ చేసి ఇంపోర్ట్ చేస్తే కార్డులు తయారు. తెలుగు మాత్రం యూనికోడ్‌లోనే కొట్టాలి. అలవాటు కొద్దీ నేను యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్‌లో కొట్టిన మొదటి నలభై కార్డులూ ఫోన్‌లో పిచ్చి గీతల్లా వచ్చాయి. "బాపూ, ఇది ఏ దేశం భాష?" అని నవ్వింది.

ఇంకో మాట. రోజుకు ఇరవై కొత్త కార్డులని అందులో ముందే పెట్టి ఉంటుంది. నైట్ డ్యూటీలు చేసేవాళ్లకు అది ఎక్కువ. మొన్న బతుకమ్మకు మా బిడ్డ అమ్మమ్మ ఊరికి పోయి తొమ్మిది రోజులు తెరవలేదు, వచ్చేసరికి మూడు వందలకు పైగా పేరుకున్నాయి. ఆ సంఖ్య చూసి టెన్షన్‌తో యాప్ తీసేస్తానన్నది. కొత్తవి రోజుకు ఏడుకు తగ్గించాక దారిలో పడింది.

జపనీస్ నేర్పే సంస్థలు, ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా, వేల రూపాయల మెటీరియల్‌తో పాటు తెలుగు కార్డుల ఫైలు ఒకటి చేసి ఇవ్వవచ్చు కదా? ఒకరు ఒకసారి కొడితే వాట్సాప్‌లో అందరికీ పోతుంది. అంతవరకు మేం చేసుకున్న ఎన్5 ఫైలు మా షాపులో ఉంది, పెన్‌డ్రైవ్ తెచ్చినవాళ్లకు ఊరికే ఎక్కిస్తున్నా. అది జపనీస్ తెలిసినవాళ్లెవరైనా ఒకసారి సరిచూస్తే మేలు. కతకనలో షి, త్సు నాకు ఇప్పటికీ ఒక్కలాగే కనిపిస్తాయి, ఎక్కడో తారుమారు చేసే ఉంటాను.

– ఒక జిరాక్స్ షాపు యజమాని, హన్మకొండ