ఈ చలికాలం ఈత బెల్లం తక్కువే ఉంటుంది

నమస్తే. "బెల్లం ఎప్పుడొస్తుంది, పోయినేడు లాగే ఐదు కిలోలు పంపండి" అని చాలామంది అడుగుతున్నారు. ఉన్నమాట చెప్తాం: ఈసారి ఇంటికి ఒక కిలోకు మించి ఇవ్వలేం. కిలోకు 60 రూపాయలు ధర కూడా పెంచుతున్నాం.

చెట్లు లేక కాదు, చెట్లకు తెరిపి ఇస్తున్నాం కాబట్టి.

ఈత చెట్టును గీసేది మొవ్వు కిందనే, అంటే కొత్త మట్టలు పుట్టే కొస కింద. ఒక పక్క మట్టలు కొట్టేసి, లోపలి తెల్లటి మెత్తని భాగం తేలేదాకా చెక్కి, కొన్నాళ్లు ఆరనిచ్చి, పైన పలచగా ఒక పొర తీస్తే నీరా, అంటే చెట్టు తియ్యటి రసం, ఊరుతుంది. వేపకో మామిడికో గాటు పడితే చుట్టూ బెరడు పెరిగి పూడుకుంటుంది. ఈతకు, తాటికి ఆ గుణం లేదు. కోసిన చోట చెట్టు ఉన్నన్నాళ్లూ గుంటే. పాత ఈత చెట్టు కనబడితే ఆగి చూడండి, ఒక ఏడు ఇటు, మరో ఏడు అటు గీసిన గాట్లు వంకరటింకరగా పైదాకా ఉంటాయి. పైగా దానికి ఉన్నది ఒక్కటే మొవ్వు. కత్తి లోతుగా దిగి అది దెబ్బతిన్నదంటే చెట్టు పోయినట్టే.

అందుకే మాకు నీరా పోసే గౌడన్నలతో కూర్చుని మాట్లాడుకున్నాం. రెండు మూడు రోజులు గీస్తే కనీసం మళ్లీ అన్నే రోజులు ఆపాలి. పోయినేడు గీసిన పక్క ముట్టుకోవద్దు. లేత చెట్లు, మొవ్వు సన్నబడ్డ చెట్లు వదిలేయాలి. కొన్ని ఆడ చెట్లకైతే అసలు కత్తే పెట్టం. ఎండాకాలం వాటి పళ్లు పిల్లలకూ పిట్టలకూ కావాలి, గింజ పడితేనే కొత్త మొక్క. గీయని రోజులకు కూడా గౌడన్నలకు కూలి కట్టిస్తున్నాం. పెంచిన 60 రూపాయలు పోయేది అక్కడికే.

కిలో బెల్లానికి ఎనిమిది నుంచి పది లీటర్ల నీరా మరగాలి. సున్నం పూసిన కుండలో పట్టి, పొద్దెక్కకముందే దించి పొయ్యి మీద పెట్టాలి. మబ్బు పట్టిన రోజు తొందరగా పులుస్తుంది, ఆ పాకం గట్టిపడదు. "కాస్త పంచదార కలిపితే అందరికీ సరిపోతుంది కదా" అని ఒకరు సలహా ఇచ్చారు. కలపం. ఎంత వస్తే అంతే.

ముందే డబ్బు కట్టినవాళ్లకు పాత ధరకే కిలో పంపి, మిగతాది వెనక్కి వేస్తాం. బెల్లం అందగానే గాజు సీసాలో పెట్టి మూత బిగించండి, తేమ తగిలితే కారిపోతుంది.