2023–24 వార్షిక నివేదిక: మొక్కల పద్దు, మన పిల్లల పద్దు

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఏడాది కోరం కోసం గంటన్నర ఎదురు చూశాం. ఈసారి అంతసేపు ఆగేది లేదని నోటీసులోనే రాశాను. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులం ఈ సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలిసిందే కాబట్టి నేరుగా పనుల్లోకి వెళ్తాను.

ఈ ఏడాది పదకొండు మంది పిల్లలకు సదరం సర్టిఫికెట్లు, అంటే వైకల్య ధ్రువపత్రాలు, చేయించాం. చెప్పడానికి ఒక్క వాక్యమే గానీ, చేయడానికి ఏడాదంతా పట్టింది. మీసేవలో స్లాట్లు ఎప్పుడు తెరుస్తారో తెలియదు, తెరిచిన అరగంటకే అయిపోతాయి. క్యాంపు రోజు వరండాలో వంద మంది ఉంటారు, పైన ట్యూబులైటు గుయ్యిమంటూ ఉంటుంది. మన పిల్లాడు చెవులు మూసుకుని గోడవైపు తిరిగి నిలబడితే, పక్కనున్నావిడ "బాబుకి దిష్టి తీయించండమ్మా" అంది. ఆ తల్లి ఓపిక నాకుంటే ఈ సంఘాన్ని ఇంకా బాగా నడిపేవాణ్ని. మొత్తానికి సర్టిఫికెట్ వచ్చింది.

పెద్ద పిల్లల తల్లిదండ్రులు ఒక సంగతి చూసుకోండి. 1995 నాటి చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఆటిజం పేరే లేదు. అందుకే చాలామంది పాత కాగితాల మీద బుద్ధిమాంద్యం అని ఉంది. 2016 చట్టంలో 21 రకాలు చేర్చారు, వాటిలో మనదీ ఉంది. పాతవి మార్పించుకోండని మూడు మీటింగుల్లో చెప్పాను, ఇద్దరు మార్పించుకున్నారు. మన పిల్లలకు ఉండే నిరామయ ఆరోగ్య బీమా సంగతీ ఇంతే. మార్చి 31 లోపు రెన్యువల్ చేయించాలని గ్రూపులో ఫిబ్రవరి నుంచీ మెసేజీలు పెట్టాను. ఏప్రిల్ రెండో వారంలో ఫోన్ చేసి "అన్నా, ఏమైనా చేయొచ్చా" అని అడిగినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. పేర్లు చెప్పను.

వికలాంగుల పింఛన్ నెలకు 3,016 నుంచి 4,016 అయింది. సంతోషమే. ప్రైవేటులో స్పీచ్ థెరపీకి సెషన్‌కు 500 లెక్కన పింఛన్ మొత్తం పెడితే ఎనిమిది సెషన్లు వస్తాయి. వారానికి రెండు. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం సర్కారు పెట్టిన భవిత కేంద్రంలో ఫిజియోథెరపీ ఉంది, స్పీచ్‌కు మనిషి లేరు. దీని మీద ఈ ఏడాది నాలుగు అర్జీలు ఇచ్చాం. రసీదులు ఫైల్లో భద్రంగా ఉన్నాయి.

ఇక అసలు విషయం. పోయిన సమావేశంలో ఒక సభ్యుడు పెట్టిన తీర్మానాన్ని ఈసారికి వాయిదా వేశాం. మున్సిపాలిటీ పచ్చదనానికి పెట్టే డబ్బులో కొంత మన థెరపీ సెంటర్‌కు మళ్లించమని అడగాలన్నది ఆ తీర్మానం. ఆయన ఆటో నడుపుతారు, రోజంతా డివైడర్ల పక్కనే తిరుగుతారు. "కోనోకార్పస్ మొక్కలు నాటడానికి ఓసారి డబ్బుంటది, వద్దని పీకడానికి ఇంకోసారి ఉంటది. మా వాడికి నాలుగు మాటలు నేర్పడానికే ఉండదా?" అన్నారు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను.

తర్వాత ఇంటికెళ్లి చట్టం ముందేసుకుని కూర్చున్నాను. 2019 తెలంగాణ మున్సిపల్ చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే పెట్టాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, ఆ బాధ్యత వార్డు సభ్యుల మీద, అధికారుల మీద ఉంది. అందుకే ఎండాకాలంలో మనకు మంచినీళ్ల ట్యాంకర్ రాకపోయినా మొక్కలకు వస్తుంది. ఇప్పుడు మన వికలాంగుల చట్టం తీయండి. 2016 చట్టం 37వ సెక్షన్‌లో అభివృద్ధి పథకాల్లో 5 శాతం వికలాంగులకు అని ఉంది. స్థానిక సంస్థలూ పథకాలు పెట్టాలనే ఉంది. కానీ పెట్టకపోతే ఎవరి పదవి పోతుందో లేదు. మన మున్సిపల్ బడ్జెట్ పుస్తకం తిరగేశాను. నర్సరీకి, ట్రీ గార్డులకు, ట్యాంకర్ డీజిల్‌కు వేర్వేరు పద్దులున్నాయి. ఆటిజం అన్న మాట ఒక్కచోట కూడా లేదు.

కాబట్టి కార్యవర్గం అభిప్రాయం ఏమిటంటే, మొక్కల పద్దులోంచి అడగొద్దు, మన పద్దు మనకు పెట్టమని అడుగుదాం. చట్టం కట్టేసిన డబ్బును కమిషనర్ మళ్లించలేరు, మళ్లిస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుంది. మన అర్జీ మూలన పడేయడానికి వాళ్లకు మనమే సాకు ఇచ్చినట్టవుతుంది. ఇంకో మాట కూడా చెప్పాలి. మన పిల్లలు పైసా ఖర్చు లేకుండా పరుగెత్తేది పార్కులోనే. థెరపీకి మనం అద్దెకు తీసుకున్నది రేకుల షెడ్డు. మే నెలలో మధ్యాహ్నం పిల్లలు అందులో కూర్చోలేక చెట్టు కిందికి వచ్చేశారు, మిగతా సెషన్లు అక్కడే జరిగాయి. తీర్మానం పెట్టిన ఆయన కోపం న్యాయమైనదే, అందులో నాకు రెండో మాట లేదు. ఆ కోపాన్ని ఏ గుమ్మం ముందు చూపాలన్నదే తేడా. ఓటింగ్ ఈ రోజే ఉంది, మీ ఇష్టం.

గొప్పగా చెప్పుకోవడానికి ఈ ఏడాది ఒక పని చేశాం. పతకాల కార్యక్రమం కాదు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో పదహారేళ్లు దాటిన మన పిల్లలు ఏడుగురు మున్సిపల్ నర్సరీలో వారానికి మూడు రోజులు, పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా పనిచేశారు. ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి కవర్లు నింపడం, బెడ్డులో వరసగా పేర్చడం. మన ఉపాధ్యక్షురాలి గారి అబ్బాయికి పంతొమ్మిదేళ్లు. తడిమట్టి చేతికి అంటితే ఒళ్లంతా జలదరిస్తుంది వాడికి. మొదటి రోజు గేటు దగ్గరే కూర్చున్నాడు. రెండో రోజు అక్కడి మాలి నీళ్ల సీసా కోసి గరిటెలా చేసి చేతికిచ్చాడు. అంతే. నింపడం, నేలకు రెండుసార్లు తట్టడం, పైన అంగుళం వదలడం, పేర్చడం. పది కవర్లకు ఒక వరస. తొమ్మిదో కవరు దగ్గర పదకొండు గంటలైతే వాడు కదలడు, పదోది పెట్టాల్సిందే. ఒకటి వంగితే ఆ వరస మొదటికి వెళ్లి సరిచేస్తాడు. మాలి నాతో అన్నాడు: "సార్, ఈ బెడ్డు నేను మళ్లీ చూడక్కర్లేదు. పక్కదే చూసుకోవాలి." పక్కది నింపింది మన వాలంటీర్లు.

మొత్తం 4,300 కవర్లు. లెక్క కూడా వాడే రాశాడు.

ఇది జరిగింది పచ్చదనం డబ్బుతోనే. అందుకే మన పద్దుతో పాటు, నర్సరీల్లో మన పిల్లలకు రోజు కూలీ ఇవ్వాలని కూడా అడుగుదాం అంటున్నాను. ఈసారి కూలీ రాలేదు, శిక్షణ అన్నారు, మజ్జిగ ప్యాకెట్లు ఇచ్చారు. కూలీ ఫైలు శానిటేషన్ నుంచి అకౌంట్స్‌కు వెళ్లింది, అక్కడ ప్రశ్న వేసి వెనక్కి పంపారు. జవాబు రాసేలోగా మార్చి 16న పార్లమెంటు ఎన్నికల కోడ్ వచ్చింది. అంతకుముందు అక్టోబర్ 9న అసెంబ్లీ కోడ్ వచ్చినప్పుడు స్పీచ్ థెరపిస్టు అర్జీదీ ఇదే గతి. కోడ్ వల్ల ఆగిందెంత, కోడ్ పేరు చెప్పి ఆపిందెంత అన్నది మీకే వదిలేస్తున్నాను.

ఏప్రిల్ 2న ఆటిజం అవగాహన దినం ర్యాలీ చేయలేదు, కోడ్‌లో పర్మిషన్ల టెన్షన్ ఎందుకని పార్కులో నీలం రిబ్బన్లు కట్టి సరిపెట్టాం. దానికి పేరిచ్చిన వాలంటీర్లు ఇరవై రెండు మంది. వచ్చింది ఐదుగురు. నర్సరీకి పిల్లల్ని దింపి తీసుకురావడానికి ఒప్పుకున్న ఇద్దరిలో ఒకరు రెండో వారం నుంచి ఫోన్ ఎత్తలేదు. ఆ తర్వాతి వారాలన్నీ పిల్లల్ని తీసుకెళ్లింది తీర్మానం పెట్టిన ఆటో ఆయనే. పెట్రోల్ డబ్బులిస్తే తీసుకోలేదు.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు, నకళ్లు తలుపు దగ్గర ఉన్నాయి. చందాలు సగమే వసూలయ్యాయి, షెడ్డు అద్దె రెండు నెలలది బాకీ ఉంది, మిగతాదంతా సరిగ్గానే ఉంది.

కృతజ్ఞతలు: షెడ్డు యజమానికి, బాకీ గురించి ఇంకా గట్టిగా అడగనందుకు. సదరం రోజు మన పిల్లల్ని ముందు పిలిచిన నర్సు గారికి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థలో శిక్షణ పొంది వచ్చి, నెలకోసారి ఉచితంగా తల్లులకు పాఠం చెప్పే టీచర్ గారికి. సీసా కోసిన మాలి గారికి. మజ్జిగకు కూడా.

ఓటింగ్ చీటీలు పసుపు రంగువి. ఒక కుటుంబానికి ఒకటే. భోజనాలు ఒంటిగంటకు, పిల్లలకు పక్క గదిలో విడిగా పెట్టాం. అక్కడ ఫ్యాన్ చప్పుడు లేదు, కుర్చీలు పది వరసగా వేసి ఉన్నాయి. దయచేసి వాటిని కదపకండి, వేసినవాడు చూసుకుంటున్నాడు.

మీ
కార్యదర్శి