పిల్లల్ని ఎవరికి అప్పగించారో స్పష్టంగా చెప్పండి

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి తొమ్మిదింటికి మన బ్లాక్ మెట్ల మీద ఇద్దరు పిల్లలు అన్నం తినకుండా కూర్చున్నారు. అమ్మానాన్న గుంటూరు పెళ్లికి వెళ్లారు. పక్కింటివాళ్లు చూస్తారనుకున్నారు, వాళ్లకేమో విషయమే తెలియదు. నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

"కాస్త చూస్తుండండి" అని లిఫ్ట్ దగ్గర అనేసి వెళ్తే అప్పగించినట్టు కాదు. ఎదుటివాళ్లు సరే అనాలి. తాళం, మందులు, మీ ఫోన్ నంబర్ వాళ్ల చేతికివ్వండి. ఒప్పుకున్నవాళ్లూ తేలిగ్గా తీసుకోవద్దు. పిల్లల్ని హింసించినా, కావాలని నిర్లక్ష్యం చేసి బాధపెట్టినా శిక్ష వేసే 2015 నాటి బాల న్యాయ చట్టం 75వ సెక్షన్ తల్లిదండ్రులకే కాదు, పిల్లలు ఎవరి సంరక్షణలో ఉంటే వాళ్లకూ వర్తిస్తుంది.

ఒంటరిగా ఇబ్బందిపడే పిల్లలు కనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. మా తలుపైనా కొట్టండి, ఏ వేళైనా సరే.